పొగాకు పొగ నుంచి భూతాపం దాకా: ఒక వ్యాఖ్యాత జమాఖర్చులు

వైద్య పత్రికలలో పరిశోధనా వ్యాసాల చివర చిన్న అక్షరాలతో ఒక పేరా ఉంటుంది. రచయితలకు ఏ ఔషధ సంస్థ నుంచి సొమ్ము ముట్టింది, ఏ సంస్థలో వాటాలున్నాయి, పరిశోధన ఎవరి ఖర్చుతో జరిగింది అన్న వివరాలు అందులో చెబుతారు. సామాన్య పాఠకులు దాని జోలికి పోరు. అనుభవం గల వైద్యుడు మాత్రం వ్యాసం కన్నా ముందు దానినే చదువుతాడు. మధుమేహానికి ఒక కొత్త మందు అద్భుతంగా పనిచేస్తోందని చెప్పిన వ్యక్తి ఆ మందు తయారుచేసే సంస్థకే సలహాదారు అయితే, ఆయన చెప్పినది అబద్ధమని తేలిపోదు. ఆయన మాటను ఏ తక్కెడలో తూచాలో తెలుస్తుంది, అంతే. మన దేశంలో కూడా ఔషధ సంస్థల నుంచి వైద్యులు కానుకలు, ప్రయాణపు ఖర్చులు, ఆతిథ్యాలు స్వీకరించరాదని 2009లో భారత వైద్యమండలి తన నియమావళిని సవరించింది. ఆ నియమం ఎంత చక్కగా అమలవుతున్నదో మీకూ తెలుసు, నాకూ తెలుసు. అయినా నియమమంటూ ఒకటి ఉన్నది.

ప్రజల ఆరోగ్యం గురించి పత్రికలలోను, టీవీలలోను తీర్పులు చెప్పే విధాన వ్యాఖ్యాతలకు ఆ పాటి నియమమైనా లేదు. ఒక మందు గురించి ఒక వైద్యుడు పొరపాటు మాట చెబితే నష్టపోయేది ఆయన వద్దకు వచ్చే రోగులు. గాలి గురించి, పొగ గురించి, ఎండ గురించి లక్షలమంది చదివే వ్యాఖ్యాత తప్పుడు మాట చెబితే ఎందరు నష్టపోతారో లెక్కించడం కూడా కష్టం. ఈ విషయాన్ని గాలిలో చర్చించడం నాకిష్టం లేదు. పత్రాలతో సహా బయటపడిన ఒక ఉదాహరణ తీసుకుంటాను. అది అమెరికాకు చెందిన స్టీవెన్ మిల్లాయ్ అనే వ్యాఖ్యాత కథ.

మిల్లాయ్ చదువురాని వ్యక్తి కాదు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జీవగణాంక శాస్త్రం చదివారు, తరువాత న్యాయశాస్త్రం కూడా చదివారు. జంక్ సైన్స్, అంటే చెత్త విజ్ఞానం, అనే పేరుతో 1990లలో ఒక వెబ్ సైటు నెలకొల్పి, పర్యావరణానికి, ప్రజారోగ్యానికి సంబంధించిన పరిశోధనలను అందులో వెక్కిరిస్తూ వచ్చారు. ఫాక్స్ న్యూస్ వెబ్ సైటులో శీర్షిక నిర్వహించారు. కేటో ఇన్‌స్టిట్యూట్ అనే విధాన పరిశోధనా సంస్థలో అనుబంధ పండితుడిగా ఉన్నారు. 2016లో ట్రంప్ గెలిచిన తరువాత అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పగ్గాలు చేపట్టేందుకు ఏర్పరచిన బృందంలో ఆయన పేరున్నది. ఇంత పలుకుబడి గల మనిషి చెప్పిన మాటలు ముఖ్యంగా మూడు: ఇతరులు కాల్చిన పొగాకు పొగ వలన పక్కవారికి క్యాన్సర్ రాదు, మనుషుల వలన భూమి వేడెక్కుతున్నదన్న భయం ఉత్తది, గాలిలోని సూక్ష్మ ధూళికణాలు ఎవరినీ చంపవు.

మూడు వేరువేరు శాస్త్రాలకు చెందిన మూడు ప్రశ్నలివి. మూడింటికీ ఒకే జవాబు రావడం కాకతాళీయం కావచ్చును. అందుకే జమాఖర్చులు చూడాలి.

మొదట పొగాకు సంగతి. జపానులో ధూమపానం అలవాటు లేని 91,540 మంది భార్యలను పద్నాలుగేళ్లు పరిశీలించి, భర్త ఎక్కువగా సిగరెట్లు కాల్చే ఇళ్లలో భార్యలకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ఎక్కువగా వస్తున్నదని తకేషి హిరయామా 1981లో ప్రకటించారు. సిగరెట్టు ముట్టని ఇల్లాలు భర్త సిగరెట్టు వలన చనిపోతున్నదన్న మాట పొగాకు సంస్థలకు పిడుగుపాటయింది. కాల్చేవాడి చావు కాల్చేవాడి ఇష్టం అన్న వాదన వారికి అప్పటిదాకా కంచుకోట. ఆ కోట కూలింది. 1993 జనవరిలో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పరోక్ష ధూమపానాన్ని క్యాన్సర్ కారకంగా వర్గీకరించి, ఆ దేశంలో పొగతాగనివారు ఏటా సుమారు 3,000 మంది దీనివలన ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణిస్తున్నారని అంచనా వేసింది.

ఆ సంవత్సరమే ‘గట్టి విజ్ఞానపు పురోగతి కూటమి’ అని అర్థం వచ్చే పేరుతో ఒక సంస్థ పుట్టింది. చూడటానికి అది శాస్త్రజ్ఞుల, పౌరుల సంఘం. న్యూ మెక్సికో మాజీ గవర్నరు ఒకరు దానికి అధ్యక్షులు. దాని జాతకం రాసినది ఫిలిప్ మోరిస్ పొగాకు సంస్థ. ఆ పనికి కుదుర్చుకున్నది ఏప్కో అనే ప్రచార సంస్థను. ఈ సంగతి మనకెలా తెలిసిందంటే, 1998 నవంబరులో పొగాకు సంస్థలకు, 46 అమెరికా రాష్ట్రాలకు మధ్య కుదిరిన ఒప్పందం వంటి న్యాయ పరిణామాల ఫలితంగా ఆ సంస్థల లోపలి కాగితాలు లక్షల సంఖ్యలో బయటకు వచ్చాయి. ఇప్పుడవి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ ఫ్రాన్సిస్కో శాఖ గ్రంథాలయంలో ఎవరైనా చదువుకొనేలా ఉన్నాయి.

ఆ కాగితాలలో ఉన్న వ్యూహాన్ని కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే తరువాతి కథ అంతా అందులోనే ఉంది. పొగాకు గురించి మాత్రమే మాట్లాడితే ఈ సంఘం ఎవరిదో జనం పసిగడతారు. కాబట్టి భూతాపం, అణువ్యర్థాలు, జీవసాంకేతికం వంటి ఇతర వివాదాలతో పొగాకును కలిపి కుట్టాలి. సంఘాన్ని వాషింగ్టన్, న్యూయార్క్ వంటి నగరాలలో కాక చిన్న పట్టణాలలో మొదట పరిచయం చేయాలి, ఎందుకంటే పెద్ద నగరాల విలేకరులు గుచ్చిగుచ్చి అడుగుతారు. అంటే, భూతాపం పట్ల సందేహం ఒక పొగాకు సంస్థకు ముసుగుగా పనికివచ్చింది! చమురు సంస్థల సొమ్ము సంగతి తరువాత చెబుతాను. ఈ తడిక మొదట అల్లినది సిగరెట్ల వారు.

మిల్లాయ్ 1997లో ఆ కూటమికి కార్యనిర్వాహక సంచాలకులయ్యారు. అదే ఏడాది హాక్‌షా, ఆయన సహచరులు 37 పరిశోధనలను క్రోడీకరించి, పొగతాగే జీవిత భాగస్వామి ఉన్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు 24 శాతం అధికమని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. మిల్లాయ్ ఇటువంటి ఫలితాలను చెత్త విజ్ఞానమనే కొట్టిపారవేస్తూ వచ్చారు. 2000, 2001 సంవత్సరాలలో ఆయనకు ఫిలిప్ మోరిస్ నుంచి సలహాల నిమిత్తం మొత్తం 1,80,000 డాలర్లు ముట్టినట్లు ఆ సంస్థ పత్రాల ఆధారంగా న్యూ రిపబ్లిక్ పత్రికలో 2006లో పాల్ థాకర్ రాశారు. ఫాక్స్ న్యూస్ పాఠకులకు ఈ సంబంధం గురించి ఎవరూ చెప్పలేదు. తమకే తెలియదని, తెలియజేసి ఉండవలసిందని ఆ సంస్థ ప్రతినిధి తరువాత అన్నారు.

ఇక చమురు. 1997 డిసెంబరులో క్యోటో ఒప్పందం కుదిరింది. కొద్ది నెలలకే, 1998 ఏప్రిల్‌లో, అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ తరఫున తయారైన ఒక ప్రచార ప్రణాళిక న్యూయార్క్ టైమ్స్ ద్వారా బయటపడింది. వాతావరణ శాస్త్రంలో అనిశ్చితి ఉన్నదని సామాన్య పౌరులు నమ్మిన రోజునే తమకు విజయమని దాని సారాంశం. శాస్త్రీయ ప్రశ్నకు జవాబు వెదకడం దాని లక్ష్యం కాదు. జవాబు దొరకలేదని జనం అనుకోవడమే లక్ష్యం. ఆ ప్రణాళికను రూపొందించిన బృందంలో మిల్లాయ్ పేరున్నది, పైన చెప్పిన పొగాకు కూటమి ప్రతినిధిగా. ఆ తరువాత సంవత్సరాలలో ఎక్సాన్‌మొబిల్ సంస్థ ఆయన ఇంటి చిరునామాతో నమోదైన రెండు సంస్థలకు 40,000, 50,000 డాలర్ల చొప్పున ఇచ్చినట్లు మదర్ జోన్స్ పత్రిక 2005లో వెల్లడించింది. మరికొన్నాళ్లకు ఆయన మరీ ఎనిగ్మా ఏమీ మిగల్చకుండా మర్రీ ఎనర్జీ అనే బొగ్గు సంస్థలోనే ఉద్యోగిగా చేరారు. ఆ దశలో మాత్రం ఆయన్ను తప్పుపట్టను. బొగ్గు సంస్థ ఉద్యోగి బొగ్గును సమర్థిస్తే ఎవరూ మోసపోరు.

సొమ్ము తీసుకున్నంత మాత్రాన మాట అబద్ధమవుతుందా అని అడగవచ్చు. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లు తాగాడనే లోకం మనది. న్యాయమైన ప్రశ్నే. అలాంటప్పుడు చేయవలసిన పని ముంత చూపించడం. ముంతను ఉత్తరీయం కింద దాచి, పైగా చుట్టూ ఉన్న వారందరూ తాగుబోతులని ప్రచారం చేస్తే అనుమానం రాకేమవుతుంది? ప్రభుత్వపు గ్రాంటులు తీసుకునే శాస్త్రజ్ఞులు కూడా అమ్ముడుపోయినవారే కదా అనే ఎదురువాదం ఒకటి ఉంది. ఆ గ్రాంటుల వివరాలు ప్రతి వ్యాసం చివర అచ్చవుతాయి. ఇక శాస్త్రజ్ఞుల జవాబులు డబ్బిచ్చిన వారిని బట్టి మారతాయన్న వాదనకు ఎక్సాన్ సంస్థే గట్టి ఖండన. ఆ సంస్థ సొంత శాస్త్రజ్ఞులు 1977 నుంచి 2003 వరకు వేసిన అంచనాలను సుప్రాన్, రామ్‌స్టార్ఫ్, ఒరెస్కెస్ పరిశీలించి 2023లో సైన్స్ పత్రికలో ప్రకటించారు. దశాబ్దానికి సుమారు 0.2 డిగ్రీల సెల్సియస్ చొప్పున భూమి వేడెక్కుతుందని ఆ సంస్థ లోపలి లెక్కలు చెప్పాయి. చాలావరకు అలాగే జరిగింది. చమురు డబ్బుతో పనిచేసిన శాస్త్రజ్ఞులకు సరైన జవాబే వచ్చింది. అదే డబ్బు ముట్టిన వ్యాఖ్యాతలు మాత్రం జనానికి సందేహాలు పంచారు.

ఎండల గురించి నా బోటి వైద్యుడు మాట్లాడటానికి కారణముంది. మన శరీరం చెమట ఆవిరి కావడం ద్వారా చల్లబడుతుంది. గాలిలో తేమ, వేడి రెండూ పెరిగితే చెమట కారుతుంది గాని ఆరదు. శరీరపు లోపలి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటితే మెదడు మందగిస్తుంది, కండరాలు విచ్ఛిన్నమవుతాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. దానినే వడదెబ్బ అంటున్నాం. 2015 మే నెల వడగాలులలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి దాదాపు రెండువేల మంది చనిపోయారు. వారిలో అధికులు ఎండలో పనిచేయక తప్పని కూలీలు, వృద్ధులు. ఏ ఒక్క వడగాలినీ పూర్తిగా భూతాపానికి అంటగట్టలేము. కాని పునాది ఉష్ణోగ్రత పెరిగిన కొలదీ ప్రమాదకరమైన రోజులు ఎక్కువవుతాయన్నది మాత్రం నిర్వివాదం. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పదిలక్షల పాళ్లకు 280 పాళ్లున్న బొగ్గుపులుసు వాయువు ఇప్పుడు 420 దాటింది. ఇది ఎవరి అభిప్రాయమూ కాదు, కొలత.

మూడవది ధూళికణాల వివాదం. ఇందులో మిల్లాయ్ వాదన తెలివైనది కాబట్టి దీనికి వివరంగా జవాబు చెప్పాలి. రెండున్నర మైక్రాన్ల కన్నా సన్నని కణాలు, అంటే తలవెంట్రుకలో ముప్పయ్యో వంతు మందం కూడా లేనివి, ముక్కులోని వెంట్రుకలకు గాని శ్వాసనాళాల చెమ్మకు గాని చిక్కవు. నేరుగా ఊపిరితిత్తుల చివర ఉన్న గాలితిత్తులను చేరి అక్కడ తాపం పుట్టిస్తాయి. ఆ తాపపు రసాయనాలు రక్తంలో కలిసి, హృద్ధమనులలో పేరుకున్న కొవ్వు పలకలను అస్థిరపరచి, రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచుతాయి. అందుకే మురికి గాలి చంపేది ఎక్కువగా గుండెపోటుతో, పక్షవాతంతో. మరణపత్రం మీద ధూళి అనే మాట ఎక్కడా ఉండదు.

హార్వర్డ్ పరిశోధకులు ఆరు అమెరికా పట్టణాలలో 8,111 మందిని 14 నుంచి 16 ఏళ్లు పరిశీలించి 1993 డిసెంబరులో ఫలితాలు ప్రకటించారు. ధూమపానం వంటి ఇతర కారణాలను సరిచూసిన తరువాత కూడా, అతి మురికి గాలి గల ఒహాయోలోని స్టూబెన్‌విల్ పట్టణంలో మరణాల రేటు, శుభ్రమైన గాలి గల విస్కాన్సిన్‌లోని పోర్టేజ్ కన్నా 26 శాతం ఎక్కువ. బొగ్గు, ఉక్కు, మోటారు వాహనాల పరిశ్రమలన్నిటికీ ఈ అంకె కంటిలో నలుసయింది.

మిల్లాయ్ తన 2016 నాటి పుస్తకంలో చెప్పినదేమిటంటే, ఈ కణాలు ప్రాణాంతకమని ప్రభుత్వ సంస్థ అంటూనే, నార్త్ కెరొలైనాలోని చాపెల్ హిల్ ప్రయోగశాలలో స్వచ్ఛంద కార్యకర్తల చేత అవే కణాలను పీల్పించింది. ఒక్కరూ చనిపోలేదు. కాబట్టి కణాలు చంపుతాయన్న మాటైనా అబద్ధం కావాలి, లేదా ఆ ప్రయోగాలు నేరమైనా కావాలి. వినడానికి ముక్కుసూటిగా ఉంది కదా! వైద్యవిద్య రెండవ సంవత్సరం విద్యార్థి కూడా దీనిలోని లొసుగు పట్టుకోగలడు. గుండెజబ్బు అనుమానం ఉన్నవారిని మేము ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తిస్తాము. వేలమందిలో ఏ ఒక్కరికో ప్రమాదం జరగవచ్చునని తెలిసే, పక్కన అన్ని ఏర్పాట్లతో ఆ పరీక్ష చేస్తాము. ఆ రోజు ఎవరూ చనిపోకపోతే గుండెజబ్బు అన్నదే లేదని తేలుతుందా? రెండు గంటలు పీల్చిన గాలికి, నలభై ఏళ్లు పీల్చిన గాలికి తేడా లేదనడం, ఒక్క సిగరెట్టుతో చావలేదు కాబట్టి సిగరెట్టు విషం కాదనడం వంటిదే. ఆయన పాత యజమానుల వాదన మళ్లీ ఇక్కడ తలెత్తడం గమనించండి. ఆ ప్రయోగాలను అమెరికా జాతీయ అకాడమీలు సమీక్షించి, వాటిలో పాల్గొన్నవారికి తీవ్రమైన హాని కలిగే అవకాశం చాలా తక్కువని, వాటి వలన సమాజానికి మేలున్నదని 2017లో తేల్చాయి.

ఆ వాదన చెల్లకపోతే మరొకటి ఉన్నది: పరిశోధనల ముడి వివరాలు బయటపెట్టండి, లేకపోతే అది రహస్య విజ్ఞానం. పారదర్శకత అన్న మాటకు ఎవరు అడ్డు చెప్పగలరు? కాని ఆ ముడి వివరాలంటే 8,111 మంది వ్యక్తుల ఆరోగ్య చరిత్రలు. గోప్యంగా ఉంచుతామని వారికి మాట ఇచ్చి సేకరించినవి. రోగి రహస్యాన్ని కాపాడిన పరిశోధన చెల్లదంటే, ప్రజారోగ్య పరిశోధన మొత్తం చెల్లనట్లే. ఈ నినాదం నియమంగా మారి 2021 జనవరిలో వెలువడింది. మరుసటి నెలలోనే మోంటానాలోని ఫెడరల్ న్యాయస్థానం దానిని కొట్టివేసింది.

నిజానికి ముడి వివరాలను బయటివారు తనిఖీ చేయడం ఎప్పుడో జరిగిపోయింది. హెల్త్ ఎఫెక్ట్స్ ఇన్‌స్టిట్యూట్ అనే సంస్థకు సగం సొమ్ము ప్రభుత్వం, సగం మోటారు వాహనాల పరిశ్రమ ఇస్తాయి. పరిశ్రమ డబ్బు తీసుకునే సంస్థే! ఆ సంగతి అందరికీ తెలుసు, అది ఎవరి నుంచీ దాచలేదు. హార్వర్డ్ వారు గోప్యత నిబంధనలతో తమ సమాచారమంతా దానికి అప్పగించారు. డేనియల్ క్రూస్కీ నాయకత్వంలో కొత్త బృందం ప్రతి లెక్కనూ తిరిగి చేసి 2000 సంవత్సరంలో నివేదిక ఇచ్చింది. మూల ఫలితాలు నిలబడ్డాయి. మిల్లాయ్ వంటివారు కోరిన పరీక్ష ఇదే కదా? పరీక్ష జరిగి, ఫలితం వచ్చి పదహారేళ్లు గడిచిన తరువాత కూడా ఆయన అదే పాట పాడుతూ పుస్తకం రాశారు. ఉప్పు తిన్న విశ్వాసమో, నిజమైన నమ్మకమో నేను చెప్పలేను. మనిషి మనసు లోపలికి తొంగిచూసే పరికరం నా వృత్తిలో లేదు. సాక్ష్యం మారినా అభిప్రాయం మారనివారిని శాస్త్రీయ సంశయవాదులని పిలవడం మాత్రం ఆ మాటకు అవమానం.

ఇవే వాదనలు ఇప్పుడు తెలుగులోకి తర్జుమా అయి, ఎవరు రాశారో తెలియని సందేశాలుగా మన ఫోనులలోకి వచ్చి పడుతున్నాయి. భూమి ఇంతకు ముందు కూడా వేడెక్కింది, మా తాత రోజూ చుట్ట కాల్చి తొంభై ఏళ్లు బతికాడు, దుమ్ము మనకు కొత్తా అని. అవి పంపినవారు ఎవరి నుంచీ పైసా తీసుకోలేదు; మంచి మనసుతోనే పంపారు. వాటి పుట్టుక ఎక్కడో, ఆ మొదటి ముద్రణ ఖర్చు ఎవరు భరించారో వారికి తెలియదు. పొగతాగనివారిలో పరోక్ష ధూమపానం వలన ఏటా పది లక్షలకు పైగా చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన దేశంలో బహిరంగ స్థలాలలో ధూమపాన నిషేధం గట్టిగా అమలులోకి వచ్చినది 2008 అక్టోబరు 2న. హిరయామా వ్యాసం వచ్చి అప్పటికి ఇరవైయేడు సంవత్సరాలు.

స్టూబెన్‌విల్ సంగతి ముగించాలి. అమెరికాలో గాలి నియమాలు బిగించిన తరువాత ఆ ఆరు పట్టణాల గాలిలో సూక్ష్మ ధూళికణాలు తగ్గుతూ వచ్చాయి. హార్వర్డ్ బృందం అదే మనుషులను మరి ఎనిమిదేళ్లు గమనించి 2006లో మళ్లీ లెక్క వేసింది. గాలి శుభ్రపడిన మేరకు మరణాల ముప్పు కూడా తగ్గింది.